నాలుగో మాట నాయనమ్మది

పాస్టర్ సునీల్ పంపిన ఫోటోను ఫోనులో వేళ్లతో పెద్దది చేసి చూశాను. సరిగ్గా కనపడక కళ్లజోడు మార్చుకుని మళ్లీ చూశాను. గురజాలకూ నడికుడికీ మధ్యనున్న మా ఊళ్లో, సమాధుల దొడ్డిలో, మా పెదనాన్న సమాధి మీది నాపరాయి అది. ఏటా ఈస్టరుకు ముందు ఒక పూత చొప్పున దశాబ్దాలుగా వేస్తూ వచ్చిన సున్నం గీకేసరికి రాయి బయటపడింది. పైన దానియేలు అన్న పేరు చక్కగా కనిపిస్తోంది. దాని కింద బైబిల్లోని ఒక పుస్తకం పేరు, 'మార్కు' అని ఉంది. ఆ పక్కన అంకెలు ఉండాల్సిన చోట రాయి పెచ్చులూడిపోయి గుంట పడింది. ఫోటో వెనకే ఫోను కూడా వచ్చింది. "ఆంటీ, దొడ్డిలో సమాధులన్నిటికీ గ్రానైటు వేయిస్తన్నాం. మీ పెదనాన్నగారిది వచనం పోయింది. అందరికీ వేయించినట్టే 'ప్రభువునందు నిద్రించెను' అని వేయించేస్తా, సరేనా?" అన్నాడు ఆ అబ్బాయి. "దాన్ని ముట్టుకోకండి, నేను వస్తున్నాను" అన్నాను. నా గొంతు నేను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చినట్టుంది. 

ఆ అబ్బాయి తప్పేమీ లేదు. మా దొడ్డిలో ఏ రాయి చూసినా ఆ మాటే ఉంటుంది. మా తాతయ్య రాయి మీద ఉంది, మా అమ్మానాన్నల రాళ్ల మీద ఉంది. ఊళ్లో అందరితో పోట్లాడి, అందరికీ అప్పులిచ్చి, ఎవరినీ తిరిగి అడగని గుర్రపుబండి సామ్యేలు రాయి మీద కూడా ఉంది. లేనిది ఒక్క పెదనాన్న రాయి మీదే. అది మరిచిపోయి వదిలేసింది కాదు. ఆ మాట కోసం మా ఇంట్లో ఒక ఏడాది ఈస్టరు దాకా పోరు నడిచింది. ఆ పోరులో ఎవరు ఏ పక్కన నిలబడ్డారో తెలియాలంటే ముందు మా ఇంట్లో సాయంకాల ప్రార్థన ఎలా జరిగేదో తెలియాలి.

మిరపకాయల కాలంలో మా పల్నాడు పల్లెల్లో పీల్చే గాలికి కూడా కారం ఉంటుంది. కల్లాల్లో ఎర్రగా పరిచిన కాయల ఘాటు పొద్దు వాలేసరికి ఇళ్లలోకి దిగేది. సరిగ్గా అప్పుడే మా ఇంట్లో చాప పరిచేవాళ్లు. నాన్న పాట ఎత్తుకునేవాడు. రెండో చరణం దగ్గర ఎవరో ఒకరు తుమ్మేవాళ్లు, మూడో చరణానికి అందరూ తుమ్మేవాళ్లు. పాట అయ్యాక చదువు. ఇతరుల ఇళ్లలో ఒకే బైబిలు చేతులు మారుతూ తిరిగేది. మా ఇంట్లో అలా కాదు. ఎవరి చెంబు వాళ్లకి, ఎవరి పీట వాళ్లకి ఉన్నట్టే, యేసు కథను నలుగురు రాసిన నాలుగు సువార్తల్లో ఎవరిది వాళ్లకి ఉండేది. ఎవరూ పంచిపెట్టలేదు. వాళ్ల వాళ్ల స్వభావాల్ని బట్టి అలా కుదిరింది.

నాన్నది యోహాను. ఆయన ఊళ్లో ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టరు, చర్చి సంఘానికి కార్యదర్శి. ఏ పనైనా ముందే తెలిసి ఉండాలి, క్రమంగా జరగాలి ఆయనకు. యోహాను యేసు అలాగే ఉంటాడు. తనను పట్టుకోవడానికి వచ్చినవాళ్లే వెనక్కి తగ్గి నేల మీద పడతారు. తన సిలువను తానే మోసుకుంటాడు. సిలువ మీది నుంచి తల్లిని ఒక శిష్యుడికి అప్పగించి, పని పూర్తయిందని చెప్పి తల వంచుతాడు. "చూశావా, అంతా ఆయన చేతిలోనే ఉంది" అనేవాడు నాన్న, పరీక్ష పేపర్ల కట్ట ముడి బిగించిన తర్వాత పడే తృప్తితో. అమ్మది లూకా. దాంట్లో ఎవరో ఒకరు ఎవరినో ఒకరిని భోజనానికి పిలుస్తూనే ఉంటారు. సిలువ వేయడానికి తీసుకుపోతుంటే కూడా, దారి పక్కన ఏడ్చే ఆడవాళ్లతో ఆగి మాట్లాడే యేసు ఆయన. ఆయనంటే అమ్మకు ప్రాణమే కానీ వంటపనికి తోడు రమ్మన్నందుకు యేసు చేత మాట పడ్డ మార్త సంగతి వచ్చినప్పుడు మాత్రం ఊరుకునేది కాదు. "అంతమంది వచ్చి కూర్చుంటే వండేదెవరు? ఆ మార్తమ్మకి ఒక్క చెయ్యి సాయం పట్టినోళ్లు లేరు గానీ, నీతులు చెప్పారు" అని పొయ్యి దగ్గర నుంచి అనేది. నాన్న వినపడనట్టు తర్వాతి వచనానికి పోయేవాడు.

పెదనాన్నది మత్తయి. పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో పని చేసి, కూలి దగ్గర మోసం జరిగితే ఒక్కడే నిలబడి అడిగే మనిషి. మత్తయిలో యేసు కొండ మీద కూర్చుని చట్టం చెప్పినట్టు చెబుతాడు. వేషధారుల్ని వరసపెట్టి ఉతికి ఆరేస్తాడు. ఆ అధ్యాయం వచ్చినప్పుడు పెదనాన్న గొంతు పక్క వీధికి వినపడేది. బట్టీ యజమాని పేరు ఒక్కటే తక్కువ, మిగతాదంతా ఉండేది ఆ చదువులో. "ఒరేయ్ దానేలూ, ఇది దేవుడి వాక్యంరా, యూనియన్ మీటింగ్ కాదు" అని నాయనమ్మ కసిరేది. కసిరి నవ్వేది.

నాయనమ్మది మార్కు. ఆమె పేరు శాంతమ్మ. సంఘం తరఫున బైబిల్ ఉమన్‌గా చుట్టుపక్కల పల్లెలకు నడిచి వెళ్లి, ఇంటింటి ఆడవాళ్లకు సువార్త చదివి వినిపించడం ఆమె చేసిన ఉద్యోగం. అప్పట్లో ఒక్కో సువార్తను విడిగా చిన్న పుస్తకంగా అచ్చువేసి చౌకగా అమ్మేవాళ్లు. నాలుగింట్లో పలచనిది మార్కు. సంచిలో బరువుండదు. పొయ్యి మీద అన్నం ఉడికేలోపు ఒక కథ అయిపోతుంది, వినే ఆవిడకు గంజి వార్చే తొందర రాకముందే. నడిచి నడిచి, చదివి చదివి నాయనమ్మ ఆ పుస్తకం లాగే తయారైంది. మార్కు యేసు ఎప్పుడూ తొందరలో ఉంటాడు. ఏది చేసినా వెంటనే చేస్తాడు. అలిసిపోయి పడవలో తలగడ పెట్టుకుని నిద్రపోతాడు. కోప్పడతాడు. ఈయనకు మతి తప్పిందని సొంతవాళ్లే పట్టుకుపోవడానికి వస్తారు. "మీ నాన్న చెప్పే యేసుకి కాళ్లకు దుమ్మంటదు, నా యేసుకి అంటుద్ది" అనేది నాయనమ్మ. చిన్నప్పుడు నేను యేసులు నలుగురున్నారనీ, అన్నదమ్ములనీ, పేరు మాత్రం ఒకటే పెట్టారనీ అనుకునేదాన్ని. ఆ అనుమానం అడిగితే నాన్న గంటసేపు వివరించాడు. నాయనమ్మ మాత్రం, "నువ్వు అనుకున్నదాంట్లో పెద్ద తప్పేం లేదులేవే" అంది.

తర్వాత నేను పత్రికలో చేరి, వార్తలు దిద్దే డెస్కులో కూర్చున్నాక ఆ మాట విలువ తెలిసింది. సాగరు కాలువలో ట్రాక్టరు బోల్తా పడితే నలుగురు విలేకరుల నుంచి నాలుగు కాపీలు వచ్చేవి. ఒకాయన పోలీసులు చెప్పింది వరస తప్పకుండా రాస్తాడు. ఒకాయన ఒడ్డున కూర్చున్న తల్లి దగ్గర మొదలుపెడతాడు. ఒకాయనకు కాలువ గట్టు తెగి ఎన్నాళ్లయిందో, బాగు చేయాల్సింది ఎవరో, అదే వార్త. ఇంకొకాయన పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పినట్టు నాలుగు ముక్కలు రాసి పంపేస్తాడు. నాలుగూ కలిపి ఒకటి చేయడమే నా ఉద్యోగం. బాగానే చేశానని చెప్పగలను. కలిపేటప్పుడు ఏం పోతుందో కూడా నాకు బాగా తెలుసు. పోయేదేమిటో తెలిసినవాళ్లే ఆ పని జాగ్రత్తగా చేస్తారు. ఆ జాగ్రత్త నాకు ఏ ఎడిటరూ నేర్పలేదు. పెదనాన్న పోయిన ఏడాది మా వసారాలో నేర్చుకున్నాను.

నేను అప్పుడు ఇంటర్మీడియట్ చదువుతున్నాను. పెదనాన్నకు కడుపులో పుండు అన్నారు మొదట. గుంటూరు పెద్దాసుపత్రిలో అసలు పేరు చెప్పి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఇంట్లో నొప్పికి మందేమీ లేదు. ఆఖరి వారాలు ఆయన గొంతు మళ్లీ పక్క వీధికి వినపడింది, ఈసారి చదువు కాదు. ఒక మధ్యాహ్నం, కల్లంలో కాయలు తిరగేసే వేళ, ఆ గొంతు ఆగిపోయింది. పక్కన ఉన్నది మా పెద్దమ్మ రూతమ్మ ఒక్కతే.

మా సంఘంలో ఒక ఆచారం ఉంది. భూస్థాపన అయ్యాక జరిగే ఆదరణ కూటంలో, పోయినవాళ్ల దగ్గర చివరిదాకా ఉన్నవాళ్లు లేచి వాళ్ల ఆఖరి మాటలు చెప్పాలి. అందరూ మంచి మాటలే చెబుతారు. పాట పాడుతూ పోయాడంటారు, అందరినీ క్షమించానన్నాడంటారు, దేవదూతలు కనపడ్డారన్నాడంటారు. అందులో ఎంత నిజం అని ఎవరూ అడగరు. ఆ మాటల్ని బట్టే రాయి మీద 'ప్రభువునందు నిద్రించెను' అని పడుతుంది. పెద్దమ్మ లేచి నిలబడింది. అబద్ధం చెప్పడం రాని మనిషి ఆమె. "దేవుడా నన్నొదిలేశావేంది అని అరిచాడు. అట్టా అరుస్తానే పోయాడు" అని చెప్పి కూర్చుంది. గుడిలో కూటం జరుగుతుంటే ఎవరూ తుమ్మకుండా ఉండడం నా ఎరుకలో అదొక్కసారే.

ఆ వారమే సంఘ పెద్దలు కూర్చుని, రాయి మీద పేరు ఒక్కటే చాలన్నారు. అన్నది యేసురత్నం తాత. నడికుడి రైల్వేలో పట్టాల పని చేయించే మేస్త్రీగా రిటైరైన ఆయన, మెల్లగా మాట్లాడినా రైలుకు చెబుతున్నట్టు ఉండేది. చెడ్డవాడు కాదు. పెదనాన్నను ఆసుపత్రికి తీసుకుపోయింది ఆయనే, గుంత తవ్వేటప్పుడు గడ్డపార పట్టింది ఆయనే. విశ్వాసం పోగొట్టుకుని చనిపోయినవాణ్ణి ప్రభువులో నిద్రించాడని రాస్తే అబద్ధమవుతుందని ఆయన నమ్మాడు. నాన్న కాదనలేదు. పెద్దమ్మ మర్నాటి నుంచి గుడికి రావడం మానేసింది. సాయంత్రం చాప పరిచే వేళకు కల్లంలోకి పోయి తాలు కాయలు ఏరుతూ కూర్చునేది, చీకటిపడి కాయ రంగు కనపడనిదాకా. ఆమె కోరింది పెద్దదేం కాదు. అందరి రాళ్ల మీదా ఉన్నట్టే తన మనిషి రాయి మీద కూడా దేవుడి మాట ఒకటి ఉండాలి. అది లేకపోతే, ఆమె లెక్కలో, ఆయన దొడ్డిలో పడుకున్నా దొడ్డి బయట ఉన్నట్టే.

ఈస్టరుకు ముందు ఉపవాసాలుండే లెంటు రోజుల్లో ఒక ఆదివారం సంఘ పెద్దలు మా వసారాలో చేరారు. గుడ్ ఫ్రైడే నాడు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా జరిగే ఆరాధనలో, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడాలి. వీళ్లను క్షమించమనేది మొదటిది. పక్క సిలువ మీది దొంగకు పరదైసు, అంటే స్వర్గం, ఇవ్వడం రెండోది. తల్లిని అప్పగించేది మూడోది, అది ఎప్పుడూ ఆడవాళ్లకు, అంటే నాయనమ్మకు. దేవుడా నన్నెందుకు వదిలేశావనేది నాలుగోది. దాన్ని ఎవరూ కోరుకోరు కాబట్టి పాస్టరు గారికి వదిలేసేవాళ్లు. దాహం ఐదోది, పని పూర్తయిందనేది ఆరోది, తండ్రీ నీ చేతికి నా ఆత్మ అనేది ఏడోది. నాన్న కాగితం మీద పేర్లు వేసుకుంటూ పోతున్నాడు. నాయనమ్మ గడప మీద కూర్చుని, "ఈ యేడు నాకు మూడోది వద్దు, నాలుగోది ఇయ్యండి" అంది.

"అదేందక్కా, ఆడోళ్లకి మూడోది గదా. అమ్మ మాట" అన్నాడు రత్నం తాత.

"అమ్మ మాట ఇన్నేళ్లు చెప్పా. ఈసారి కొడుకు మాట చెప్తా."

నాన్న పెన్ను ఆపాడు. "అమ్మా, ఇప్పుడు ఇక్కడ వద్దు" అన్నాడు.

"ఇక్కడ కాకపోతే యాడరా? మీ అన్న రాయి మీద పేరు తప్ప ఏముంటది? ఆ నాలుగో మాటే దాని మీద చెక్కిచ్చమంటన్నా నేను."

నాన్న లేచి నిలబడ్డాడు. ఆయన కోపానికి కారణం ఉంది. "భూస్థాపనకి ఊళ్లో పెద్ద రైతులంతా వచ్చారు. రేపు పిల్లల్ని కల్లాల్లోకి కాదు, బడికి పంపమని అడగటానికి నేను వాళ్ల గడపలే ఎక్కాలి. మనం ధైర్యంగా ఉంటేనే వాళ్లు మన మాట వింటున్నారు. దేవుడు మమ్మల్ని వదిలేశాడని మనమే రాయి మీద చెక్కించుకుంటే, రేపు నా మొహం చూసి ఏమంటారు?" అన్నాడు.

రత్నం తాత సర్దిచెప్పబోయాడు. "అక్కా, యేసు అరిచాడు, కాదన్లా. కానీ అరుపు మీదే పోలా. తర్వాత తేరుకున్నాడు. తండ్రీ నీ చేతికి నా ఆత్మ అన్నాడు, నెమ్మదిగా పోయాడు. మన దానేలు తేరుకోలా. అదొక్కటే తేడా. నాకు మాత్రం సంతోషమా చెప్పు."

నాయనమ్మ సంచిలోంచి తన మార్కు పుస్తకం తీసి ఆయన ముందుకు జరిపింది. "తేరుకున్నాడా? దీంట్లో చూపియ్యి."

"ఏంది చూపిచ్చేది? ఉంటది."

"ఉంటే చూపియ్యి."

రత్నం తాత కళ్లజోడు పెట్టుకుని వేలు పెట్టి చదివాడు. పేజీ తిప్పాడు. మళ్లీ వెనక్కి తిప్పాడు. యేసు అరుస్తాడు, ఎవరో పుల్లటి ద్రాక్షరసం అందిస్తారు, ఆయన మళ్లీ పెద్ద కేక వేసి ప్రాణం విడుస్తాడు. అంతే. మధ్యలో ఇంకేమీ లేదు. ఏటా గుడ్ ఫ్రైడేకి ఏడు మాటలూ వరసగా వింటూ పెరిగిన మనుషులం మేము. ఏడూ ఒకే పుస్తకంలో, అదే వరసలో ఉంటాయని ఆయనే కాదు, ఆ వసారాలో కూర్చున్న అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను. "ఇది చిన్న పుస్తకం గదా, కుదించి అచ్చేసి ఉంటారు. పెద్ద బైబిలు తెండి" అన్నాడాయన. నాన్న బైబిలు తెచ్చాను. అందులోనూ అంతే ఉంది. "మత్తయిలో ఉంటది చూడు" అని ఎవరో అన్నారు. పెదనాన్న సువార్తలోనూ అరుపు ఉంది, తేరుకోవడం లేదు. లూకాకు వచ్చేసరికి రత్నం తాత మొహం వెలిగింది. "ఇదిగో! నీ చేతికి నా ఆత్మ. చెప్పలా?" అన్నాడు వేలు అక్కడే పెట్టి.

"అక్కడ అరుపు చూపియ్యి" అంది నాయనమ్మ.

ఆయన వేలు మళ్లీ కదిలింది. పైకి పోయింది, కిందికి వచ్చింది. లూకాలో వదిలేశావన్న మాటే లేదు. "యోహానులో ఉంటది" అన్నాడు కానీ ఈసారి గొంతులో రైలు లేదు. "యోహానులో కూడా లేదు బాబాయ్" అన్నాడు నాన్న, పుస్తకం చూడకుండానే.

నాయనమ్మ నాన్న వైపు తిరిగింది. "నీకు తెలుసు గదరా పౌలూ."

"తెలుసమ్మా. నాలుగూ కలిపి చదివితేనే సంపూర్ణమవుద్ది. ఎవరికి వాళ్లం ఒక ముక్క తీసుకుంటే ఎట్టా?"

"కలుపుకో, నేనేం వద్దన్లా. నీ పెళ్లాం నాలుగు కూరలు చేస్తే నాలుగూ ఒకే గిన్నెలో పోసుకుని పిసుక్కుని తింటావంట్రా?"

"నాలుగు కూరలా? ఈ ఇంట్లో ఎప్పుడత్తయ్యా?" అంది అమ్మ వంటింట్లోంచి. వసారాలో అందరూ నవ్వారు. నాయనమ్మ నవ్వలేదు. ఆ నవ్వు అయ్యేదాకా ఆగి చెప్పింది. ఆమె గొంతు నాకు ఇప్పటికీ ఎదుట ఉన్నట్టే వినిపిస్తుంది.

"లూకా చెప్పినట్టు పోయినోళ్లు ఉన్నారు. మా ఆయన అట్టాగే పోయాడు, నా చేతి మీద, నిద్రపోయినట్టు. నాకు తెలుసు. దానేలు అట్టా పోలా. రాసినోళ్లు నలుగురు. ఆ నలుగురిలో ఇద్దరు చెప్పిన యేసు నా కొడుకు పోయినట్టే పోయాడు. మీరు కలిపి కలిపి ఆ యేసుని కనపడకుండా చేస్తన్నారు. ఆయన్ని నా దగ్గర్నుంచి తీసెయ్యబాకండి."

 రత్నం తాత కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టెలో పెట్టుకున్నాడు. మజ్జిగ అడిగి తాగాడు. గ్లాసు కింద పెట్టి, "మాస్టారూ, నాలుగోది అక్కకి రాసుకో" అన్నాడు. రాయి సంగతి మాత్రం ఎత్తలేదు.

గుడ్ ఫ్రైడే నాటికి ఎండలు ముదిరాయి. పెద్దమ్మను ఎవరూ రమ్మనలేదు. నాయనమ్మ కూడా అడగలేదు. కానీ వసారాలో జరిగింది కల్లంలో ఉన్న పెద్దమ్మ చెవిన పడకుండా ఉండదు. మేం బయల్దేరాక వెనక దూరంగా నడిచి వచ్చి, గుమ్మం పక్కన చెప్పులు విడిచే చోట కొంగు తల మీదికి లాక్కుని కూర్చుంది. మూడు మాటలు అయ్యాయి. నాయనమ్మ లేచింది. ఆమె ప్రసంగం అంత పొట్టిగా ఎప్పుడూ ఉండలేదు. మార్కులోంచి ఆ కేక దగ్గర మొదలుపెట్టి, సిలువ ఎదుట నిలబడ్డ రోమా సైనికాధికారి ఈయన నిజంగా దేవుడి కుమారుడన్న చోటిదాకా చదివింది. "మత్తయిలో ఈ పటాలమోడు భూమి కదలటం చూసి, భయపడి ఆ మాటన్నాడు. మార్కులో అట్టా కాదు. ఈయన ఎట్టా పోయాడో ఎదురుగా నిలబడి చూశాడు, చూసి అన్నాడు. శిష్యులంతా పారిపోయారు. దగ్గరుండి ఆ కేక విన్నోడే సాక్షి" అని చెప్పి కూర్చుంది.

ఐదో మాట చెప్పాల్సినతను లేచేలోపు రత్నం తాత లేచాడు. ఆయన వంతు ఎప్పుడో అయిపోయింది. మగవాళ్ల వైపు నుంచి గుమ్మం వైపు తిరిగి, తనకు చేతనైనంత మెల్లగా అడిగాడు. "రూతమ్మా, ఆ రోజు కూటంలో నువ్వు చెప్పింది నేను సరిగ్గా వినలా. మళ్లీ చెప్పమ్మా."

పెద్దమ్మ కొంగు సరిచేసుకుంది. లేచి గుమ్మం పట్టుకుంది. "దేవుడా నన్ను ఇట్టా వదిలేశావేంది అన్నాడు. చానాసేపు అదే మాట. ఆఖరికి మాట కూడా పోయి కేక ఒకటే మిగిలింది."

"ఎవర్ని పిలిచాడు?"

"దేవుణ్ణే. ఇంకెవర్నీ పిలవలా. పక్కనే ఉన్నా, నన్ను కూడా పిలవలా."

"ఇంకేంది మరి" అన్నాడు రత్నం తాత. "నమ్మకం లేనోడు అంతసేపు ఎవర్ని పిలుస్తాడు? చాలమ్మా, కూర్చో." అని ఆయనా కూర్చున్నాడు. పెద్దమ్మ గుమ్మం దగ్గర కూర్చోలేదు. నడిచి వచ్చి నాయనమ్మ పక్కన చాప మీద కూర్చుంది. ఐదో మాట చెప్పాల్సినతను ఏం చెప్పాడో ఎవరికీ గుర్తులేదు. పాపం, అతనికి కూడా.

ఈస్టరు అయిన తర్వాత నాన్న ఒక్కడే బస్సెక్కి దుర్గి వెళ్లాడు. దేవుళ్ల విగ్రహాలు చెక్కే శిల్పి దగ్గర కూర్చుని, రాయి మీద పేరు కింద మార్కు పదిహేను ముప్పై నాలుగు అని అధ్యాయం, వచనం అంకెలు చెక్కించుకుని వచ్చాడు. మాటలు చెక్కించలేదు. "తెరిచి చూసుకునేంత ఓపిక ఉన్నవాళ్లకే అది" అన్నాడు. ఊరికీ తల్లికీ మధ్య నిలబడ్డ హెడ్మాస్టరు చేయగలిగింది అంత. నాయనమ్మ ఆ అంకెల మీద అరచెయ్యి వేసి చూసి, "సరేలే" అంది. ఆ సాయంత్రం ప్రార్థనలో పెదనాన్న పీట ఖాళీగా ఉంటే నాన్న యోహాను పక్కన పెట్టి మత్తయి తెరిచాడు. వేషధారుల అధ్యాయం. గొంతు పెంచి చదవడానికి ప్రయత్నించాడు కానీ ఆయనకు అది రాదు.

సునీల్ ఫోను అందుకుని బయల్దేరి, నడికుడిలో రైలు దిగి ఆటోలో ఊరికి పోతుంటే గుడి ముందు పాత ఫ్లెక్సీ ఒకటి గాలికి కొట్టుకుంటోంది. మొన్నటి గుడ్ ఫ్రైడేది. ఏడు మాటలకు ఏడుగురు ప్రసంగీకులు, ఏడు ఫోటోలు, మధ్యలో నవ్వుతున్న యేసు. మా రోజుల్లో ఎవరూ ముట్టని నాలుగో మాట ఇప్పుడు గుంటూరు నుంచి వచ్చిన పెద్ద ప్రసంగీకుడిది. ఆయన ఫోటోనే అన్నిటికంటే పెద్దది. ఇప్పుడు అందరి ఫోన్లలో నాలుగు సువార్తలూ ఉన్నాయి, వెతికితే క్షణంలో దొరుకుతాయి. రత్నం తాత వేలు పెట్టి పేజీ పేజీ గాలించాల్సిన అవసరం లేదు. అది మంచిదే. కానీ పొద్దున్నే ఫోనుకొచ్చే యేసు ఉద్యోగం ఇప్పిస్తాడు, వీసా ఇప్పిస్తాడు, ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాడు. ఆయన పడవలో అలిసి నిద్రపోడు. అరవడు. నలుగురు రాసిన మనిషిని ఇంత నున్నగా ఒకటి చేయడం ఏ డెస్కూ చేయని పని.

పెద్దమ్మ దొడ్డిలో ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చుంది. తొంభైకి దగ్గర పడింది, చూపు మందగించింది కానీ మాట మందగించలేదు. "ఏమే సుజాతా, ఇంత ఎండలో వచ్చావు, నీ పేపరోళ్లకి సెలవే లేదంటివి?" అంది. రిటైరై ఎన్నేళ్లయిందో ఆమెకు ఎన్నిసార్లు చెప్పినా అంతే. నేను సునీల్‌కు ఆ అంకెలు చెప్పాను. అతను ఫోనులో తెరిచి చదివాడు. మొహం మారింది. మంచి పిల్లవాడు, దాచుకోవడం చేతకాదు. "ఆంటీ, ఇది సమాధి మీద... పక్క సంఘాల వాళ్లు వస్తుంటారు. చూసి ఏమనుకుంటారు?" అన్నాడు. నాన్న గొంతు మళ్లీ విన్నట్టయింది. నేను జవాబు చెప్పబోతుంటే పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏమనుకుంటారు నాయనా? దేవుడి కొడుకు కూడా ఇట్టాగే అరిచాడా అనుకుంటారు. అనుకోనీ" అంది. "ఈసారి అంకెలొద్దు. తెరిచి చూసే ఓపిక ఇప్పుడెవరికుంది? మాటే చెక్కిచ్చు."

సునీల్ నా వైపు చూశాడు. నేను తలూపాను. అతను కొలత టేపు తీసి రాయి పొడవు కొలుచుకోవడం మొదలుపెట్టాడు. పెద్దమ్మ ఆ టేపు చప్పుడు వింటూ కాసేపు కూర్చుని, పక్కన ఖాళీగా ఉన్న నేలను కాలి బొటనవేలితో తట్టింది.

"ఇక్కడ నాకు. నాకు మాత్రం లూకాది రాయి నాయనా. నేను నెమ్మదిగానే పోతా."

"అమ్మమ్మా, అది ముందే ఎట్టా తెలుసుద్ది?" అన్నాడు సునీల్ నవ్వుతూ.

"మా ఇద్దరికీ సరిపడా ఆయనే అరిచాడు గదా" అంది పెద్దమ్మ. "ఇంక నాకేం మిగల్చలా."